నెత్తురులో పసుపు

(తొమ్మిదో భాగం)

పోయిన వారం మనం ఎల్లవ్వను కోరుట్లలో జగిత్యాల బస్సెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఒళ్లో సర్వపిండి రొట్టెల డబ్బా, కడుపులో ఒక అబద్ధం. డబ్బా మూత గట్టిగానే ఉంది. అబద్ధం మూతే నిలవడం లేదు.

ముందు సీట్లో మనవడు దినేశ్, మనవరాలు రజిత. వెనక సీట్లో కొడుకు రాజేశం, బస్సు కదిలిన రెండో నిమిషానికే నోరు తెరుచుకొని నిద్ర. సిరిసిల్లలో కరెంటు మగ్గాల మోత నడుమ, అక్కడి వాళ్లు సాంచాలంటారు, వాటి మోత నడుమ పుట్టి పెరిగిన మనిషికి బస్సు చప్పుడు జోలపాట.

అయిదు నెలల కిందట అంతా మొదలైంది కూడా కోరుట్లలోనే కదా. దినేశ్ మేనత్త బాలవ్వ ఇంట్లో పెళ్లి. విస్తరి ముందు కూర్చున్న దినేశ్ ముద్ద వదిలేసి లేచాడు. సాంచాలు పిలుస్తున్నాయన్నాడు. యాభై అరవై కిలోమీటర్ల అవతల ఉన్న సాంచాలు తనను పేరు పెట్టి పిలుస్తున్నాయట. కాళ్లకు చెప్పులైనా లేకుండా వేములవాడ రోడ్డు పట్టాడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు, అంతకుముందు గట్టిగా మాట్లాడి ఎరగడు. జగిత్యాల పెద్ద దవాఖానలో డాక్టర్ సుస్మిత చూసి, ఇది మనసుకు వచ్చే జబ్బు, తొలి రోజుల్లోనే తెచ్చారు కాబట్టి మందులకు లొంగుతుంది అంది. లొంగింది కూడా.

మందులు చేసిన మేలు మందులది. దానికి తోడు బాపమ్మకూ మనవడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఏదైనా వినిపించి, అది నిజమో కాదో తేలనప్పుడు దినేశ్ అడుగుతాడు, "బాపమ్మా, ఇనవడ్డదా?" అని. ఎల్లవ్వ చేతిలో పని ఆపి, చెవి ఒగ్గి, ఉన్నదున్నట్టు చెబుతుంది. పక్కింటి టీవీ అయితే టీవీ అని, ఏమీ లేకపోతే ఏమీ లేదని. మొదటి నెలలో రోజుకు పదిసార్లు అడిగేవాడు. రాను రాను తగ్గి, పోయిన నెలంతా ఒక్కసారీ అడగలేదు. మొన్న పొద్దున మాత్రం పళ్లు తోముకుంటూ ఆగి, బ్రష్షు నోట్లోనే పెట్టుకొని అడిగాడు. "ఏం లేదు కొడుకా" అంది ఎల్లవ్వ. సరేనని పుక్కిలించి ఉమ్మేశాడు. ఆమె కూడా దాన్ని అక్కడే వదిలేసింది.

ఆ ఒప్పందంలో ఎల్లవ్వ ఒక్కనాడూ అబద్ధం ఆడలేదు. దాని బయట ఆడింది. ఇవాళ బస్సులో ఆమెను కుదురుగా కూర్చోనీయనిది అదే.

డాక్టర్ సుస్మిత ఒక పరిశోధన చేస్తోంది. ఈ జబ్బు కొత్తగా వచ్చిన వాళ్ల నెత్తురు, అదే ఈడులో జబ్బు లేని వాళ్ల నెత్తురు పక్కపక్కన పెట్టి చూడటం. ఒంటికి దెబ్బ తగిలినా, పుండు పడినా, లోపల ఒంటిని కాచే కణాలు నిద్ర లేస్తాయి. అవి లేచినట్టు నెత్తురులో కొన్ని గుర్తులు పెరుగుతాయి, ఎంత పెరిగాయో పరీక్షలో ఒక నంబర్‌గా వస్తుంది. ఈ జబ్బు తొలి రోజుల్లో కొందరికి ఏ దెబ్బా లేకుండానే ఆ గుర్తులు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయట. ఎందుకో, అది జబ్బుకు కారణమో, జబ్బు వెంట వచ్చేదో ఇంకా ఎవరికీ తేలలేదు. తేల్చడానికే ఈ పని. దినేశ్ చేయి చాచి నెత్తురిచ్చాడు. జబ్బు లేని వాళ్ల వరసలో చెల్లెలు రజిత ఇచ్చింది. నెత్తురు తీయడానికి నెల ముందే అదంతా ఎల్లవ్వకు చెబుతూ డాక్టర్, "లోపల సన్నగ మంట ఉన్నట్టనుకో అవ్వా" అంది. ఆ ఒక్క మాట ఎల్లవ్వ చెవిలో పడి అక్కడే కాపురం పెట్టింది.

మంటే అయితే చల్లార్చొచ్చు కదా. జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి సిరిసిల్ల వాడలన్నీ తిరిగి పసుపు అమ్మే బుచ్చవ్వను అడిగింది. మోకాళ్ల నొప్పులు కానీ, కోడలి కోపం కానీ, బుచ్చవ్వ దగ్గర అన్నింటికీ ఒకటే మందు, అది ఆమె సంచిలోనే ఉంటుంది. నెత్తురు తీసే రోజుకు మూడు వారాల ముందు నుంచి ఎల్లవ్వ రోజూ బువ్వ తిన్నాక దినేశ్ చేతికి పెద్ద గ్లాసు పాలు ఇచ్చింది. రెండు చెంచాల పసుపు, చిటికెడు మిరియాల పొడి. ఎందుకంటే దగ్గుకని చెప్పింది. నెత్తురు తీసిన రోజు నర్సు కాగితం పట్టుకొని, పసరు మందులు, కషాయాలు ఏమన్నా ఇస్తున్నారా అని అడిగితే, "కూరల పసుపు దప్ప ఇంకేం లేదు బిడ్డా" అంది, కన్నార్పకుండా. ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చొని, కొడుక్కూ కోడలికీ, బీడీలు చుడుతున్న పక్కింటి వాళ్లకూ చాటింది. "సూడుండ్రి, మా వోని నెత్తురు కడిగిన ముత్యం లెక్క వస్తది. ఇగ మందులు బందైతయి."

అది పన్నెండు రోజుల కిందటి మాట. ఫలితం ఇవాళ చెబుతామన్నారు.

జగిత్యాలలో దవాఖాన గేటు దాకా నలుగురూ కలిసే వచ్చారు. అక్కడ రాజేశం ఆగిపోయాడు. అతనికి ఫినాయిల్ వాసన పడదు. "మీరు వోండ్రి, నేను చాయ్ వట్టుకొస్త" అన్నాడు. రాజేశం చాయ్‌కి పోతే తిరిగి రావడానికి గంట. ఎక్కడికి పోయినా సిరిసిల్ల వాళ్లెవరో ఒకరు దొరుకుతారు, నూలు ధర మొదలవుతుంది.

డాక్టర్ సుస్మిత బీర్పూర్ పిల్ల. ముప్పై నిండి ఉంటాయేమో. కాగితాల మధ్య నుంచి తలెత్తి ముందు డబ్బా వైపు చూసింది.

"సర్వపిండా అవ్వా?"

"తేకుంటే రానిస్తవా బిడ్డా నువ్వు. నువ్వులు దండిగేసిన. వేడిది కాదు, బాలవ్వ ఇంట్ల పొద్దుగాల జేసిన."

"మేడం, మా బాపమ్మ మొదలువెడితే గీ సర్వపిండి కాడనే పొద్దుగూకుతది," అన్నాడు దినేశ్. కుర్చీ అంచున కూర్చున్నాడు. మోకాలు ఆడుతోంది. "ముందు నా నెత్తురు నంబర్ జెప్పుండ్రి."

డాక్టర్ ఒక కాగితం లాగింది. "ఒక్కొక్కలకు నంబర్ చెప్పుడు మా పద్ధతి కాదు. మేం అందరియి కలిపి చూస్తం. కని నువ్వు ఆనాడే అడిగినవు, నేను సరేనన్న. నీది ఒకటి కన్న తక్కువుంది. మంచి నార్మల్."

దినేశ్ లేచి నిలబడ్డాడు. అయిదు నెలల్లో ఆ ముఖం మీద అంత నవ్వు ఎల్లవ్వ చూడలేదు. కింది పెదవి పక్కన చిన్నప్పటి సొట్ట, అది కూడా తిరిగి వచ్చింది. చూసి ఆమె గుండె నిండింది, మరుక్షణమే జారింది. ఎందుకంటే అతను చొక్కా జేబులోంచి మందు గోలీల అట్ట తీసి, డాక్టర్ టేబుల్ మీద పెట్టి, ఒక వేలితో అవతలికి నెట్టాడు.

"అయితే గివి ఇగ వద్దు మేడం. రేపటి సంది బంద్."

"ఎందుకు?"

"మంట లేదు గదా. మంట లేకుంటే జబ్బు లేనట్టే గదా. మా బాపమ్మ ఎప్పుడో జెప్పింది." అతని గొంతులో తొందర. "మా షెడ్డు శ్యాంసుందర్ సేటు ఏమన్నడో ఎరుకేనా? గోలీలు మింగినన్ని రోజులు సాంచాల దిక్కు రావద్దన్నడు. కండెల కాడ కూసోవెట్టిండు, పోరగాళ్లు జేసే పని. గోలీలు బందైనయని మీరొక చిట్టి రాసియ్యుండ్రి. సోమవారం నాలుగు సాంచాలు నావి."

కండెలంటే నూలు చుట్టే బోలు గొట్టాలు. సాంచా నడిపే చేతికి కండెలు చుట్టే పని ఇవ్వడమంటే, డ్రైవర్‌ను దింపి బస్సు తుడవమన్నట్టు. ఆ అవమానం ఎల్లవ్వకు తెలుసు. తెలిసే కదా పాలలో రెండో చెంచా వేసింది.

డాక్టర్ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. అంతకంటే ముందే ఎల్లవ్వ టేబుల్ అంచు పట్టుకొని లేచింది.

"బిడ్డా, ఆ నెత్తురు నమ్మకు. దాన్ని నేను కల్తీ జేసిన."

డాక్టర్ చేతిలో పెన్ను గాలిలోనే ఆగింది.

"ఏం కలిపినవ్ అవ్వా?"

"పసుపు."

"నెత్తుర్లనా?"

"నెత్తుర్ల నేనెట్ల కలుపుత, నర్సమ్మ సూదితోని గుంజి సీసాలేసుకపాయె. పాలల్ల కలిపిన. మూడు వారాలు. బుచ్చవ్వ దగ్గర కొన్న. బుచ్చవ్వంటే మాకు ముప్పై ఏండ్ల సంది ఎరుకే, వాళ్ల పెద్దబిడ్డ పెండ్లికి చీర మా ఇంట్లనే నేసినం, ఆకుపచ్చ అంచు. ఆమె పసుపు మంచిదే, దాంట్ల మోసం లేదు. మోసం నాది. నీ నర్సమ్మ అడిగితె లేదన్న. మంట సల్లారితె నంబర్ తగ్గుతది, నంబర్ తగ్గితె పోరడు సంబురపడతడు అనుకున్న. గిట్ల గోలీలు దీసి నీ టేబుల్ మీద వెడుతడని అనుకోలే."

డాక్టర్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని ఎల్లవ్వకు అర్థం కాలేదు, కోపమనుకుంది. దినేశ్ మాత్రం నవ్వలేదు. మెల్లగా కూర్చున్నాడు.

"దగ్గుకన్నవ్ గదా బాపమ్మా."

"అన్న."

"నాకసలు దగ్గే లేకుండె."

"లేకుండె."

కిటికీ అవతల ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. దినేశ్ చేతి గోళ్లు చూసుకుంటూ అడిగాడు, ఎంత చిన్న గొంతుతో అంటే ఎల్లవ్వ ముందుకు వంగవలసి వచ్చింది.

"మరి ఇన్ని రోజులు ఇనవడ్డదా అని అడిగితె, లేదు, ఉన్నది అని చెప్పినవ్. గవన్ని నిజాలేనా? నాకు వేరే తాళ్లు లేవు బాపమ్మా పట్టుకునేటందుకు. నీ మాటొక్కటే ఉండె."

అరవై ఏళ్లలో ఎల్లవ్వను ఎవరూ మాటతో ఓడించలేదు. తోటికోడలు ఓడించలేదు, నూలు సేట్లు ఓడించలేదు. ఇప్పుడు మనవడు ఓడించాడు. కుర్చీ దగ్గరికి జరుపుకొని, అతని చేయి తన ఒళ్లోకి తీసుకుంది.

"గవన్ని నిజాలే. పక్కింటి టీవీ అంటె టీవీనే. ఏం లేదంటె ఏం లేదు. గా మాట కాడ నేను ఎన్నడు తప్పలే కొడుకా, తప్పితె నా కండ్లు పోవాలె. పాల కాడ తప్పిన. నువ్వు కండెల కాడ తలకాయ వంచుకొని కూసుంటె సూడలేక తప్పిన. ఇగ పాల కాడ గూడ తప్ప. నువ్వు నన్ను తిడితె తిట్టు."

తిట్టలేదు. చేయి కూడా లాక్కోలేదు. ఇంతలో పక్క కుర్చీలో రజిత భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తోందని ఎల్లవ్వ అటు తిరిగింది. చున్నీ నోట్లో కుక్కుకొని నవ్వుతోంది.

"ఏందే నీకు నవ్వు?"

"బాపమ్మా, గా పాలు అన్న తాగలే."

"తాగలే? మరి గ్లాసు రోజు ఖాళీ ఉండె?"

"నేను తాగిన."

దినేశ్ మెడ వెనక గోక్కున్నాడు. "నాకు పసుపు పాల వాసన చిన్నప్పటి సంది పడదు గదా. వద్దంటె నువ్వు మొఖం చిన్నగ జేసుకుంటవని, నువ్వు అటు మళ్లంగనే చెల్లెకిచ్చిన."

"మూడు వారాలు?"

"బెల్లం ఏసుకున్న బాపమ్మా," అంది రజిత. "మంచిగుండె. ఆఖరి వారమైతె నేనే ఎదురుచూసిన."

ఇక డాక్టర్ సుస్మిత ఆపుకోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసినంత నవ్వింది. ఎల్లవ్వ ముఖం చూడాలి ఆ సమయంలో. దొంగతనం చేశానని ఒప్పుకోవడానికి పోలీసు స్టేషన్‌కు పోతే, పోయిన వస్తువు ఇంట్లోనే ఉందని చెప్పినట్టయింది. సిగ్గు, కోపం, హాయి మూడూ ఒకేసారి వచ్చాయి. హాయి గెలిచింది. మనవడు తనను మోసం చేశాడు, తను మనవడిని మోసం చేసింది, లెక్క సరిపోయింది.

"అంటే నా పోరని నెత్తురు దానంతల అదే మంచిగున్నదా?"

"ఉన్నది అవ్వా. రెండు చెంచాల పసుపు తాగినా గంత తేడా రాకపోతుండె. అయినా మాకు చెప్పకుండ ఇయ్యొద్దు. మందుల నడుమ ఏది ఏం జేస్తదో మాకు తెలవాలె." డాక్టర్ కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత రెండో కాగితం తీసి చూసి, కనుబొమలు ముడిచింది. "పాలు తాగింది రజిత గదా. మరి నంబర్ ఎక్కువొచ్చింది రజితకే. తొమ్మిది దాటింది."

ఎల్లవ్వ లేచింది మళ్లీ. "పొల్లకు గూడనా? దేవుడా, దీనికి గూడ ఆ జబ్బేనా?"

"కూసో అవ్వా. రజితా, నోరు తెరువు."

"ఎందుకు మేడం?"

"వచ్చినప్పటి సంది కుడి దవడ పట్టుకొనే ఉన్నవ్. తెరువు."

రజిత తెరవక తప్పలేదు. డాక్టర్ సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. ఆఖరి దంతం పక్కన చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. నెల రోజులుగా నొప్పి. చెబితే పన్ను పీకిస్తారని చెప్పలేదు. డిగ్రీ పరీక్షలని సాకు కూడా సిద్ధంగా పెట్టుకుంది. పసుపు పాలు తియ్యగా ఉండటమే కాదు, నొప్పికి కాస్త వెచ్చగా హాయిగా ఉండేవట.

"నాకొక్కదానికి జెప్పకపోతివా," అంది ఎల్లవ్వ.

"నువ్వు లవంగం వెడుతవు, బుచ్చవ్వను పిలుస్తవు, వాడంత తెలుస్తది."

అది అబద్ధం కాదని ఎల్లవ్వకే తెలుసు. డాక్టర్ రెండు కాగితాలనూ దినేశ్ ముందు పక్కపక్కన పెట్టింది. నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది, గొంతు మాత్రం మారింది.

"చూడు దినేశ్. నీ చెల్లె నంబర్ పెరిగింది, పన్ను వాచింది గాబట్టి. దాన్ని సాంచాలు పిలుస్తలేవు. నీ నంబర్ పెరగలే. నిన్ను పిలిచినయి. ఇప్పుడు నువ్వే చెప్పు, గీ నంబర్ చూసి నేను ఎవరికి జబ్బున్నదని రాయాలె?"

దినేశ్ కాగితాలను మార్చి మార్చి చూశాడు.

"మరి గింత రక్తం ఎందుకు తీసిన్రు, ఏం తెలవకపోతె?"

"వందల మందియి కలిపి చూస్తె తెలుస్తది. ఎవరికి ఎక్కువున్నది, ఎవరికి లేదు, ఎక్కువున్నోళ్లకు వేరే మందు పనిచేస్తదా అని. నీ ఒక్కనిదే పట్టుకుంటె ఏం తెలవదు. ఇప్పుడైతె నీకు గోలీలు వద్దనో కావాలెననో చెప్పే తెలివి గీ నంబర్‌కు లేదు."

అతనికి ఇంకా తలకెక్కలేదని ఎల్లవ్వకు తెలిసింది. డాక్టర్ మాటలు మంచివే, కానీ చదువుకున్న మాటలు. ఈ పిల్లాడు చదివిన బడి వేరు.

"ఎండకాలం మన షెడ్డుల ఏమైతది కొడుకా?"

"పోగులు తెగుతయి."

"ఎందుకు?"

"ఎండకు నూలు ఎండుతది."

"గది సేటుకెట్ల తెలిసింది? మధ్యాహ్నం పూట షెడ్డంత తిరిగి, ఏ సాంచాకు ఎన్ని పోగులు తెగినయో చూసుకున్నడు, గప్పుడు గోనెసంచులు తడిపి కట్టిచ్చిండు. అవునా? కని ఆనాడు నీ సాంచాకు పోగులు తక్కువ తెగినయనుకో. బెల్టు తెగవోతున్నదో లేదో పోగులు లెక్కవెడితె ఎరుకైతదా?"

దినేశ్ పెదవులు కదిపాడు, లోపల ఏదో లెక్క చూసుకుంటున్నట్టు. బెల్టు తెగి సాంచా ఆగిపోయిన రోజులు అతనికి చాలా తెలుసు. పోగులన్నీ నిండుగా ఉన్న రోజే ఆగేది.

"పోగులు వేరు, బెల్టు వేరు," అన్నాడు చివరికి.

"వేరు."

అతను చేయి చాచి గోలీల అట్టను తన వైపు లాక్కున్నాడు. జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. అదైనా చాలనుకుంది ఎల్లవ్వ. డాక్టర్ తెల్ల కాగితం ముందుకు జరుపుకుంది. "సేటుకు చిట్టి నేను రాస్త. గోలీలు బందైనయని గాదు. గోలీలు వేసుకుంట గూడ పని చేయొచ్చని. ముందు నీకు పొద్దున మత్తు ఉంటున్నదా లేదా చూడాలె, అవసరమైతె టైం మారుస్త. మెల్లగ ఒక సాంచాతోని మొదలువెట్టు."

ఒక సాంచా. నాలుగు కాదు, కానీ కండెలూ కాదు. సొట్ట మళ్లీ కొంచెం కనిపించింది. ఎల్లవ్వ సర్వపిండి డబ్బా మూత తీసి, తలా ఒక ముక్క పెట్టింది. రజితకు మెత్తటి నడిమి ముక్క.

ఎడమ దవడతో నములుతూ రజిత అడిగింది, ఊరికే, ఆట పట్టించడానికి. "అవునన్నా, పాలు నాకిస్తివి. మరి గోలి దేంతోని మింగినవ్?"

"నీళ్లతోని. గప్పుడు గోలి మొత్తం మింగిన."

అని, దినేశ్ ఆగిపోయాడు.

డాక్టర్ ముక్కను కాగితం మీద పెట్టేసింది. "గప్పుడు మొత్తం మింగినవ్," అంది, తొందర లేకుండా. "మరి ఇప్పుడు?"

దినేశ్ బాపమ్మ వైపు చూశాడు. తర్వాత కాళ్ల దగ్గరి సంచిలో చేయి పెట్టి ఒక కండె తీశాడు. పాత చెక్క కండె, నూలు లేదు, రెండు కొసలకూ కాగితం కుక్కి ఉంది. డాక్టర్ చేతికి ఇవ్వలేదు, ఎల్లవ్వ ఒళ్లో పెట్టాడు.

"నువ్వు నీది జెప్పినవ్ బాపమ్మా. నాది గూడ దాచుకొని ఏం జేసుకుంట."

కండె చేతిలో పడితే దాని మీద ఎంత నూలుందో చూడకుండా చెప్పగలదు ఎల్లవ్వ. ఈ కండె మీద నూలే లేదు, అయినా వట్టి కండె బరువు కాదు. ఒక కొసన కాగితం లాగి అరచేతిలోకి వంచింది. తెల్లటి ముక్కలు జలజలా రాలాయి. గోలీలు కావు. సగాలు. ఒక్కటీ నిండు గోలీ లేదు.

"ఎన్ని రోజుల సంది?" అడిగింది డాక్టర్.

"రక్తం తీసిన తెల్లారి సంది. సగం మింగిన, సగం గిండ్ల వేసిన. పారేయబుద్ధి కాలే." మళ్లీ అన్నాడు. "మొన్న పొద్దున పళ్లు తోముకుంటుంటె ఒక్కసారి పిలిచినట్టయింది. బాపమ్మను అడిగిన. లేదన్నది. ఊకున్న."

ఎల్లవ్వకు బ్రష్షు, పుక్కిలింత, తను దాన్ని అక్కడే వదిలేసిన తీరు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

డాక్టర్ అరవలేదు. "మంచిగ చెప్పినవ్. మొన్న ఒక్కసారేనా? నిద్ర పడుతున్నదా? ఇయ్యాల్టి నుంచి నిండు గోలి, వారానికి మళ్ల నా దగ్గరికి" అంటూ రాసుకుంటోంది. ఎల్లవ్వకు ఆ మాటలు సగమే వినిపిస్తున్నాయి. ఆమె చూపు అరచేతిలోని ముక్కల మీదే ఉంది. పంటితో కొరికితే గోలీ పొడి పొడి అవుతుంది. కత్తితో నొక్కితే వంకరగా విరుగుతుంది. ఇవి అన్నీ నడిమికి, గీత గీసినట్టు, అంచు చెదరకుండా తెగి ఉన్నాయి. గుడ్డ మడత పెట్టేటప్పుడు దారపు కొసలు కోసే చిన్న బ్లేడు ఒకటి ఉంటుంది. ఆ బ్లేడుతో ఇంత సాఫీగా కోసే చేయి ఆ ఇంట్లో ఒక్కటే. ఆ చేతికి ఆ పని నేర్పింది తనే.

"సగం జెయ్యుమని నీకెవరు చెప్పిన్రు కొడుకా?"

దినేశ్ నేల వైపు చూశాడు. చెప్పవలసిన అవసరం రాలేదు. తలుపు మోచేత్తో తోసుకొని, ఫినాయిల్ వాసనకు ముక్కు ముడుచుకొని రాజేశం లోపలికి వచ్చాడు. ఒక చేతిలో చాయ్ ఫ్లాస్కు, ఇంకో చేతిలో కాగితం కప్పులు, చొక్కా జేబులోంచి తొంగి చూస్తూ దారం చుట్టిన బ్లేడు పిడి.

"ఏందే అవ్వా, అందరు నా దిక్కే సూస్తున్నరు? షుగర్ లేని చాయ్ గూడ తెచ్చిన, డాక్టరమ్మకు."

ఎల్లవ్వ అరచేయి తెరిచి కొడుకు ముందు పట్టింది.

రాజేశం చూశాడు. ఫ్లాస్కు టేబుల్ మీద పెట్టాడు. కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. కొడుకు వైపు తిరగలేదు, డాక్టర్ వైపు తిరగలేదు. నేరుగా తల్లి కళ్లలోకి చూశాడు.

"నువ్వే గదనే అవ్వా," అన్నాడు, "వాకిట్ల కూసోని, మందులు బందైతయని చెప్పింది?"